ఆరుద్ర పురుగు ఏడాదంతా ఎక్కడ ఉంటుంది?

(చదువు కేంద్రంలో మహిళలకు చెప్పిన ప్రసంగ పాఠం)



తొలకరి వాన పడింది. నేల తడిసింది. మట్టి వాసన వచ్చింది. తెల్లారి చేను దిక్కు పోయిన పిల్లలు పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చారు. ఒక పిల్ల దోసిట్లో నాలుగు ఎర్రటి పురుగులు ఉన్నాయి. మఖమల్ గుడ్డ ముక్కల్లాగా మెత్తగా ఉన్నాయి. ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకుంటున్నాయి.

"అవ్వా, ఇవి ఎక్కడి నుంచి వచ్చినయి?" అని మనవరాలు అడిగింది.

"వానతోపాటు పైనుంచి పడతయే" అన్నది అవ్వ.

"రేపు కూడా ఉంటయా?"

"నాలుగు దినాలు ఉంటయి. తర్వాత కనపడవు. మళ్ళీ ఏడాదికే."

"మరి ఏడాదంతా ఎక్కడ ఉంటయి?"

అవ్వ దగ్గర జవాబు లేదు. చాలామంది దగ్గర లేదు. ఈ రోజు ఆ జవాబు వెతుకుదాం. అది ఆకాశంలో లేదు. మన కాళ్ళ కింద ఉంది.

ఎనిమిది కాళ్ళ చుట్టం

ఈ పురుగు పేరు అందరికీ తెలుసు. ఆరుద్ర పురుగు. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో మొదలవుతుంది. ఆ వానలకు కనబడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. వాన ముందు పడితే పురుగు కూడా ముందే వస్తుంది. పాత కవులు దీనిని ఇంద్రగోపం అన్నారు.

ఒక పురుగును అరచేతిలో పెట్టుకోండి. కాళ్ళు లెక్కపెట్టండి. ఎనిమిది ఉంటాయి.

చీమకు ఆరు కాళ్ళు. మిడతకు ఆరు కాళ్ళు. మంచం నల్లికి కూడా ఆరే. సాలెపురుగుకు ఎనిమిది. తేలుకు ఎనిమిది. గొడ్ల ఒంటికి పట్టే పిడుదుకు ఎనిమిది. అంటే ఆరుద్ర పురుగు సాలెపురుగుకు, పిడుదుకు చుట్టం అన్నమాట.

మిరప తోటలో ఆకు ముడుచుకుంటే "నల్లి తగిలింది" అంటారు. ఆ నల్లికీ ఎనిమిది కాళ్ళే. అదీ ఈ కులానిదే. అయితే అది ఆకు మీద బతికి పంటకు చేటు చేస్తుంది. మట్టిలో బతికే నల్లులు వేరు. వాటిని మనం మట్టి నల్లి అని పిలుచుకుందాం. ఆరుద్ర పురుగు వాటిలో పెద్దది. మిగిలినవి కంటికి సరిగా ఆనవు. చాలావాటి సైజు ఆవగింజలో సగం కూడా ఉండదు.

ఆరుద్ర పురుగు ఏడాది

వాన పడగానే ఇది పైకి వస్తుంది. వానకు ఉసిళ్ళు లేచే రోజులు కూడా ఇవే. చెదలు, చిన్న చిన్న పురుగుల గుడ్లు దీనికి తిండి. ఈ కొద్ది రోజుల్లోనే కడుపు నింపుకుంటుంది. జత కడుతుంది. తడి మట్టిలో గుడ్లు పెడుతుంది.

గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఆరు కాళ్ళే ఉంటాయి. అది మిడత లాంటి పురుగు ఒంటికి అంటుకుంటుంది. దాని రసం పీల్చి పెరుగుతుంది. తర్వాత రాలి మట్టిలోకి పోతుంది. అక్కడ పెరిగేటప్పుడు ఎనిమిది కాళ్ళు వస్తాయి.

ఇక మట్టిలోనే దాని కాపురం. పైన చలి వచ్చిపోతుంది. శివరాత్రి పోతుంది. రోహిణి ఎండకు నేల బీటలు వారుతుంది. అది మాత్రం కింద తేమ ఉన్న చోట దాక్కొని ఉంటుంది. మళ్ళీ వాన నీళ్ళు లోపలికి ఇంకినప్పుడు పైకి వస్తుంది.

అవ్వ మాటలో కొంత నిజం ఉంది. పురుగు వానతో పడలేదు. కానీ దానిని లేపింది వానే.

దానికి తేమ ఎందుకంత ముఖ్యం? ఇంట్లో చూసే విషయమే చెప్పుకుందాం. కాగు నిండా నీళ్ళు ఎండలో పెట్టండి. సాయంత్రానికి చాలా మిగులుతాయి. మూత నిండా నీళ్ళు పెట్టండి. మధ్యాహ్నానికే ఆవిరైపోతాయి. చిన్న ఒంటిలో నీళ్ళు కూడా అలాగే తొందరగా ఎండిపోతాయి. మట్టి నల్లి ఒళ్ళు చాలా చిన్నది. తేమ పోతే దాని ప్రాణం పోతుంది.

జల్లెడ పరీక్ష

ఇది మాటలతో నమ్మాల్సిన పని లేదు. ఇంట్లోనే చూడవచ్చు.

చెట్టు కింద కుళ్ళిన ఆకు, తడి మట్టి రెండు గుప్పెళ్ళు తీసుకోండి. ఒక పాత రవ్వ జల్లెడలో పలుచగా వేయండి. జల్లెడ కింద తెల్లటి పళ్ళెం పెట్టండి. పళ్ళెంలో కొంచెం నీళ్ళు పోయండి. జల్లెడను ఎండలో ఉంచండి. ఎండ లేకపోతే పాతకాలపు వేడి బల్బు పైన వేలాడదీయండి. ఇప్పటి ఎల్‌ఈడీ బల్బుకు అంత వేడి ఉండదు.

ఒక పూట ఆగండి. కావాలంటే రెండు పూటలు ఆగండి. పైన ఆకు ఎండుతుంది. లోపలి జీవులు ఎండకు జడిసి కిందికి, ఇంకా కిందికి పోతాయి. చివరికి జల్లెడ కన్నాల్లోంచి పళ్ళెంలో పడతాయి. పిల్లల బడి సంచిలో భూతద్దం ఉంటే దానితో చూడండి. గోధుమ రంగువి, నల్లవి, తెల్లవి కదులుతుంటాయి. కొన్ని గుండ్రంగా, పెంకుతో, చిన్న తాబేళ్ళలాగా ఉంటాయి. అవే మట్టి నల్లులు. చూశాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఈ ఉపాయం ఇప్పటిది కాదు. 1905లో ఇటలీ దేశంలో బెర్లేసె అనే శాస్త్రవేత్త వేడినీళ్ళ గరాటుతో ఈ పని చేశాడు. 1918లో స్వీడన్ దేశంలో టుల్గ్రెన్ అనే ఆయన బల్బు పెట్టాడు. ఈనాటికీ శాస్త్రవేత్తలు మట్టి నల్లిని ఇలాగే పట్టి లెక్కపెడుతున్నారు.

ఆ జల్లెడలో జరిగింది ఏమిటి? ఒక్క పూటలో ఎండాకాలం వచ్చింది. చేలో నాలుగు నెలలు జరిగేది జల్లెడలో ఒక పూటలో జరిగింది. పైన ఎండ కాస్తే నల్లి కిందికి దిగుతుంది. పైన తడి అయితే మళ్ళీ ఎక్కుతుంది. కిందికి దిగడానికి చోటు లేకపోతే చస్తుంది.

దీని పని ఏమిటి?

"కంటికి కనపడని పురుగు ఉంటే ఎంత, పోతే ఎంత?" అని ఎవరైనా అడగవచ్చు.

చెట్టు కింద ఏటా ఆకు రాలుతుంది. ఊడ్చకపోయినా అది కొండలాగా పెరగదు. ఎందుకు? కుళ్ళి మట్టిలో కలుస్తుంది. ఆకును కుళ్ళబెట్టేది కంటికి కనపడని బూజు, సూక్ష్మజీవులు. మట్టి నల్లి ఆకును కొరికి పొడి చేస్తుంది. బూజును మేస్తుంది. బూజు విత్తనాన్ని ఒంటికి అంటించుకొని ఇంకో చోటికి చేరుస్తుంది. దాని పెంట మళ్ళీ సూక్ష్మజీవులకు తిండి అవుతుంది. ఇలా ఆకు ఎరువు అవుతుంది. ఆ ఎరువు మొక్క వేరుకు అందుతుంది.

పిండి మరలో ఒక మనిషి పని కాదు. గింజ పోసేవాళ్ళు, మర తిప్పేవాళ్ళు, పిండి ఎత్తేవాళ్ళు ఉంటారు. మట్టి మరలో నల్లి కూడా ఒక కూలీ. ఒక్కటే అయితే ఏమీ చేయలేదు. కానీ మంచి అడవి నేలలో ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు చోట లక్ష దాకా ఉంటాయి.

నీళ్ళు నిలిచిన వరి మడిలో ఇవి తక్కువ. అక్కడ మట్టికి గాలి ఆడదు. గట్ల మీద, చెట్ల కింద, పెంటకుప్ప చుట్టూ ఎక్కువ. అంటే నల్లికి నీళ్ళు మరీ ఎక్కువైనా కష్టమే. తేమ ఉండాలి, గాలి కూడా ఆడాలి.

ఈ రెండూ కలిసే చోటు బాగా ఇరుకైతే ఏమవుతుంది? అలాంటి నేలలు లోకంలో ఉన్నాయి. వాటి సంగతి వింటే మన నేల సంగతి కూడా బాగా తెలుస్తుంది.

పిడకల్లాంటి నేల

ఆ నేల పేరు పీట్. కూర్చునే పీట కాదు, పీట్. రష్యా, కెనడా, ఫిన్లాండ్, ఐర్లాండ్ లాంటి చలి దేశాల్లో ఈ నేలలు చాలా ఉన్నాయి.

అక్కడ నేల ఎప్పుడూ చిత్తడిగా ఉంటుంది. దాని మీద మెత్తటి నాచు మొక్క పరుచుకుని పెరుగుతుంది. పాత నాచు చచ్చి కిందికి పోతుంది. కింద నీళ్ళు నిలిచి ఉంటాయి కాబట్టి గాలి అందదు. గాలి లేక అది సరిగా కుళ్ళదు. కుళ్ళకుండా పొర మీద పొర పేరుకుంటుంది. ఏడాదికి ఒక మిల్లీమీటరు, అటూ ఇటూగా పెరుగుతుంది. ఒక మీటరు లోతు కావాలంటే సుమారు వెయ్యి ఏళ్ళు పడుతుంది.

ఐర్లాండ్‌లో పేదలు తరతరాలుగా ఈ పీట్‌ను ఇటుకల్లాగా కోసి ఎండబెట్టారు. మనం పిడకలు వాడినట్టే పొయ్యిలో కాల్చుకున్నారు.

మన దేశంలో పీట్ తక్కువ. నీలగిరి కొండల మీద కొన్ని చోట్ల ఉంది. ఆ పీట్ పొరలను పరీక్షించి, వేల ఏళ్ళ కింద అక్కడ వానలు ఎలా ఉండేవో శాస్త్రవేత్తలు 1993లో చెప్పారు.

నాలుగు కాలాలు, ఒక జానెడు ఇల్లు

చలి దేశాల పీట్ నేలలో కూడా మట్టి నల్లి ఉంటుంది. అయితే దాని ఇల్లు ఇరుకు. కిందికి దిగితే నీళ్ళు, గాలి లేదు. పైకి వస్తే ఎండ, గాలి దెబ్బ. ఈ రెండింటి నడుమ పైపైన ఉండే తడి నాచులోనే దాని బతుకు. చాలా వరకు జానెడు లోతు కూడా ఉండదు.

చలికాలంలో అక్కడ మంచు కురుస్తుంది. మంచు చల్లన అని మనకు తెలుసు. కానీ మందంగా పేరుకున్న మంచు దుప్పటిలాగా పనిచేస్తుంది. పైన గాలి ఎంత చల్లగా ఉన్నా, మంచు కింద నాచు అంత చల్లబడదు. నల్లి ఆ దుప్పటి కింద కదలకుండా ఉంటుంది. కొన్ని రకాలు చలి వచ్చే ముందు పొట్ట ఖాళీ చేసుకుంటాయి. పొట్టలో తిండి ఉంటే దాని చుట్టూ ఒంట్లో నీరు గడ్డ కడుతుంది. ఖాళీగా ఉంటే అంత తొందరగా గడ్డ కట్టదు. మంచు సరిగా పడని ఏడు చలి నేరుగా నేలకు తగులుతుంది. అప్పుడు నల్లికి ముప్పు ఎక్కువ.

వసంతంలో మంచు కరుగుతుంది. నీళ్ళు పైకి పొంగుతాయి. పల్లపు నాచు మునుగుతుంది. కొన్ని రకాలు మెరక మీద ఉన్న నాచులో బతుకుతాయి. కొన్ని రకాలు నీళ్ళలో కూడా ఓర్చుకుంటాయి.

ఎండాకాలంలో నీళ్ళు కిందికి దిగుతాయి. గాలి లోపలికి పోతుంది. బూజు పెరుగుతుంది. నల్లికి తిండి దొరుకుతుంది. అవి పిల్లల్ని పెంచే కాలం ఇది. కానీ ఎండ మితిమీరితే పైన నాచు గలగలమని ఎండిపోతుంది. అప్పుడు తడి కోరే రకాలు తగ్గుతాయి. ఎండకు ఓర్చే రకాలు మిగులుతాయి.

శరత్కాలంలో వానలు పడి నాచు మళ్ళీ తడుస్తుంది. నల్లి మళ్ళీ చలికి సిద్ధమవుతుంది.

ఈ నల్లుల పెంకు గట్టిది. చచ్చిన తర్వాత కూడా వేల ఏళ్ళు పీట్ పొరల్లో ఉంటుంది. ఏ పొరలో ఏ రకం పెంకు ఉందో చూసి, ఆ కాలంలో నేల తడిగా ఉండేదా, పొడిగా ఉండేదా అని శాస్త్రవేత్తలు చెబుతారు. పుస్తకంలో అక్షరాలు చదివినట్టే వాళ్ళు ఆ పొరల్లో నల్లి పెంకులు చదువుతారు.

మంట పెడితే ఏమవుతుంది?

ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. మట్టి నల్లి దోమలాగా వారం పది రోజుల్లో పెరగదు. పెంకు ఉన్న రకాలు నిదానంగా పెరుగుతాయి. చలి దేశాల్లో ఒక తరం పెరగడానికి ఏడాది, రెండేళ్ళు, కొన్నిటికి ఇంకా ఎక్కువ పడుతుంది. రెక్కలు లేవు. ఎగిరిపోయి ఇంకో చోట బతకలేదు. అందుకే ఒక్కసారి దెబ్బ తింటే మళ్ళీ కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

చాలా దేశాల్లో పంటల కోసం కాలువలు తవ్వి పీట్ నేలను ఎండబెట్టారు. ఎండిన పీట్ పిడకే కదా! నిప్పు పడితే లోపల లోపలే రాజుకుంటుంది. 2010లో రష్యాలో మాస్కో నగరం చుట్టూ పీట్ తగలబడింది. నగరమంతా పొగ కమ్మింది. 2015లో ఇండోనేషియాలో ఎండబెట్టిన పీట్ అడవులు నెలల తరబడి కాలాయి. ఆ పొగ సింగపూర్, మలేషియా దాకా పోయింది. పసిపిల్లలు, ముసలివాళ్ళు ఊపిరి ఆడక బాధపడ్డారు.

ప్రపంచంలో భూమిని నూరు పాళ్ళు చేస్తే పీట్ మూడు పాళ్ళే. కానీ అందులో దాగిన బొగ్గుపులుసు సరుకు లోకంలోని అన్ని అడవుల చెట్లలో ఉన్న దానికంటే ఎక్కువ. అది కాలితే గాలిలో కలుస్తుంది. భూమి ఇంకా వేడెక్కుతుంది. ఆ వేడి ఒక్క దేశంలో ఆగదు.

మరి మన చేను?

మన చేలో పీట్ లేదు. మనకు ఉన్నది అంగుళం మందం ఆకు, వరికొయ్యలు, కంది ఆకు, చెరకు ఆకు. నేలను ఎండ నుంచి కాపాడే దుప్పటి అదే. అక్కడ మంచు చేసే పని ఇక్కడ ఆకు చేస్తుంది.

ఒక ఇంట్లో అత్త, కోడలు ఇలా మాట్లాడుకున్నారు.

"కొయ్యలు తగలబెడితే చేను శుభ్రంగా ఉంటది కదా అత్తా? ఒక్క అగ్గిపుల్లతో పని అయిపోతది."

"అయిపోతది బిడ్డా. కానీ మంట ఆరినంక మట్టి ముట్టి చూసినవా? బూడిద తప్ప ఏముంది? మా అమ్మ ఆకు గుంతలో వేయించేది. వానకు అది నల్లటి ఎరువు అయ్యేది. ఎరువుల కొట్టుకు పోయే పని తగ్గేది."

"కూలి ఎవరిస్తరు? నడుములు పోతయి గదా!"

కోడలు అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఆడవాళ్ళకు ఇప్పటికే పని ఎక్కువ. అందుకే మొత్తం చేను ఒక్క ఏడాదిలో మార్చనక్కర లేదు. ఒక మడితో మొదలుపెట్టవచ్చు. సంఘంలో పదిమంది కలిసి వంతుల వారీగా చేయవచ్చు. మగవాళ్ళను కూడా ఈ పనిలో కలపాలి. చేను ఇద్దరిదీ కదా!

చేయగలిగిన పనులు ఇవి:

పొయ్యిలోకి పనికివచ్చే కట్టె తెచ్చుకోండి. మిగిలిన ఆకును, కొయ్యలను చేలోనే వదలండి, లేదా గుంతలో వేయండి.

గుంతలో ఆకు మీద పేడ నీళ్ళు చల్లండి. పైన మట్టి పలుచగా కప్పండి. పిడికిట బట్టి పిండితే చేయి తడి కావాలి, నీళ్ళు కారకూడదు. నల్లికీ, వానపాముకూ అదే తగిన తేమ.

కూరగాయల పాదుల చుట్టూ ఆకు పరచండి. నీళ్ళు పోసే పని తగ్గుతుంది.

పురుగుమందు అవసరం లేకుండా కొట్టకండి. ఆకు మీద నల్లికి కొట్టిన మందు కారి మట్టిలో నల్లిని కూడా చంపవచ్చు.

ఆరుద్ర పురుగులను సీసాల్లో నింపవద్దు. ఛత్తీస్‌గఢ్ లాంటి చోట్ల మందు నూనె పేరుతో వీటిని ఏరి అమ్ముతున్నారు. గుడ్లు పెట్టేది ఈ నాలుగు రోజులే. ఇప్పుడు ఏరితే వచ్చే ఏడు ఎవరు వస్తారు?

"ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు" అని పెద్దలు అన్నారు. వాన కురవడం మన చేతిలో లేదు. కురిసిన వాన తేమను నేలలో నిలుపుకోవడం మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది.

సాయంత్రం మనవరాలు అగ్గిపెట్టె తెరిచింది. లోపల గడ్డిపోచ మీద ఎర్ర పురుగు ముడుచుకొని ఉంది.

"అవ్వా, ఇది మట్టిలోనే ఉంటదట. టీచరమ్మ చెప్పింది."

"అట్లనా? నాకు ఇన్నేళ్ళకు తెలిసె" అని అవ్వ నవ్వింది. "మరి దాని ఇంటికి దాన్ని పంపియ్యి."

ఇద్దరూ గట్టు దాకా నడిచారు. తడి మట్టి మీద పురుగును వదిలారు. అది కాళ్ళు చాచింది. గడ్డి కిందికి పోయింది.

మాట్లాడుకుందాం

1. మీ ఊళ్ళో ఆరుద్ర పురుగు ఈ ఏడు ఏ కార్తెలో కనబడింది? మీ చిన్నప్పటి కంటే ఎక్కువ ఉన్నాయా, తక్కువ ఉన్నాయా?

2. ఆకు కాల్చిన మడి మట్టి, ఆకు వదిలిన మడి మట్టి తెచ్చి జల్లెడ పరీక్ష చేయండి. ఏ పళ్ళెంలో ఎక్కువ జీవులు పడ్డాయి? లెక్క రాసి పెట్టుకోండి.

3. మీ ఇంట్లో ఆకు, చెత్త ఏం చేస్తున్నారు? గుంత తవ్వడానికి ఎవరెవరు కలుస్తారు? పేర్లు రాయండి.